తొలి సర్వేలో గెలిచేది తెలిసిన పేరే

అమెరికాలో పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీల సర్వేలు చదవడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఎవరికి ఎంత శాతమన్నది ఇప్పుడు చివర్లోనే చూస్తాను. పోలింగుకు ఇంకా ఎన్ని నెలలున్నాయి, దేశమంతా అడిగారా ఒక్క రాష్ట్రంలోనే అడిగారా, ఎటూ తేల్చుకోనివారు ఎందరు అన్నవి ముందు చూస్తాను. ఎంతమందిని అడిగారన్నదీ ముఖ్యమే. 400 మందితో చేసిన సర్వేలో అంకెలు దాదాపు 5 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు.

ఈ పద్ధతి నాకు నేర్పింది 2008 ఎన్నికలు. అంతకుముందు ఏడాది చాలా నెలలపాటు జాతీయ సర్వేల్లో రిపబ్లికన్లలో రూడీ జూలియానీ, డెమోక్రాట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు. తీరా నామినేషన్లు దక్కింది జాన్ మెకెయిన్‌కు, బరాక్ ఒబామాకు. ఫ్లోరిడాలో మూడో స్థానంలో నిలిచాక జూలియానీ పోటీ నుంచి తప్పుకున్నారు.

ఇలా జరగడానికి కారణముంది. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో చాలామంది పార్టీని చూసి ఓటేస్తారు. ప్రైమరీలో అందరూ ఒకే పార్టీవాళ్లు. ఏడాది ముందు ఫోన్ చేసి అడిగితే ఓటరు తనకు తెలిసిన పేరే చెబుతాడు. 2001 సెప్టెంబరు 11 దాడులనాటి న్యూయార్క్ మేయరుగా జూలియానీ పేరు తెలియనివారు తక్కువ. ఏళ్లుగా అందరికన్నా ముందు ఓటేస్తూ వచ్చిన అయోవా, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల ఫలితాలు వచ్చాక కొత్త పేర్లు వినబడతాయి, వెనకబడ్డవారు తప్పుకుంటారు, వారి ఓట్లు చెదిరిపోతాయి. 1976లో జిమ్మీ కార్టర్ ఎదిగింది ఈ దారిలోనే.

అలాగని తొలి సర్వేలన్నీ తప్పని చెప్పలేం. డొనాల్డ్ ట్రంప్ 2015 జులైలోనే ముందుకొచ్చి, చివరికి నామినేషన్ గెలిచారు. 2019లో ఎక్కువకాలం ముందున్న జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానానికి, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానానికి పడిపోయి, సౌత్ కరోలినాలో పుంజుకుని, చివరికి నామినేషన్ గెలిచారు.

నన్ను బాధించేది మరొకటి. 2015 ఆగస్టులో రిపబ్లికన్ల తొలి ప్రధాన చర్చకు జాతీయ సర్వేల సగటు చూసి పదిమందినే పిలిచారు. పేరు తెలియక వెనకబడ్డవారికి, పేరు తెలియజేసుకునే ఆ ప్రధాన వేదికే అందలేదు. అంచనా వేయాల్సిన సర్వే అర్హత పరీక్షగా మారడం అన్యాయం.

అమెరికాలో ఓటు హక్కున్న మన తెలుగువారికి ఒక మనవి. ఏడాది ముందటి సర్వే చూసి మీకు నచ్చిన అభ్యర్థిని వదులుకోకండి. ముందు వారి మాట వినండి, వారి విధానాలు చదవండి. మీ రాష్ట్రంలో పోలింగు జరిగేదాకా మీ ఓటు ఏ లెక్కలోనూ చేరదు.