రెండో బంతి

మా టెన్నిస్ కోర్టులో పొద్దున్నే ఆడేవాళ్లలో మొదటి సర్వ్ అందరిదీ ఘనమే. మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి కొట్టిన బంతి నెట్‌కో, వెనక కంచెకో తగులుతుంది. ఆ తర్వాతి సర్వ్ చూస్తే అదే మనిషేనా అనిపిస్తుంది. చెయ్యి సగంలో బిగుసుకుపోతుంది, రాకెట్ బంతిని అటు తోస్తుందంతే. ఎదుటివాళ్లు అప్పటికే రెండడుగులు ముందుకొచ్చి కాచుకుని ఉంటారు.

నేను మాత్రం ఆటగాణ్ని సెకండ్ సర్వ్‌తోనే కొలుస్తాను. 1996 యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో పీట్ సంప్రాస్, స్పెయిన్‌కు చెందిన అలెక్స్ కొరెచాతో ఆడుతూ ఐదో సెట్ టైబ్రేక్‌లో కోర్టులోనే వాంతి చేసుకున్నాడు. నిలబడే ఓపిక లేదు. 7-7 దగ్గర మొదటి సర్వ్ తప్పింది, రెండోది ఏస్! మరుసటి పాయింట్‌లో కొరెచా రెండు సర్వ్‌లూ తప్పి డబుల్ ఫాల్ట్ చేశాడు, మ్యాచ్ ముగిసింది. అంత పెద్ద పోరాటాన్ని చివరికి రెండు సెకండ్ సర్వ్‌లు తేల్చేశాయి.

మెల్లగా కొడితే లోపల పడుతుందని అందరూ నమ్ముతారు. ఎదుటివాళ్లకి తేరగా అందేదీ ఆ బంతే. నెట్ మధ్యలో ఎత్తు 3 అడుగులు, దాన్ని దాటాక సర్వీస్ లైన్ 21 అడుగుల దూరంలోనే. భయంతో చెయ్యి నెమ్మదిస్తే ముందు పోయేది స్పిన్. అది పోయాక బంతిని కిందికి దించడానికి మిగిలేది భూమ్యాకర్షణే. టాప్ స్పిన్ ఉంటే గాలి కూడా కిందికి నొక్కుతుంది. అందుకే నెట్ మీద బాగా ఎత్తున వెళ్లినా లోపలే దిగి, అవతలివాళ్ల భుజం దాకా లేస్తుంది. కాబట్టి చేతి వేగం మొదటి సర్వ్‌కు ఏమాత్రం తగ్గకూడదు. ఆ బలం ముందుకు కాకుండా పైకి పోవాలి.

సుత్తి పట్టుకున్నట్టు పట్టుకునే కాంటినెంటల్ గ్రిప్ లేనిదే ఈ కిక్ సర్వ్ కుదరదు. కుడిచేతివాళ్లయితే టాస్ తల మీదుగా కాస్త ఎడమకి వేసి, బంతిని కింద ఎడమ నుంచి పైన కుడికి ఒరుసుకుంటూ కొట్టాలి. మోకాళ్ల మీద నిలబెట్టి సర్వ్ చేయించే కోచ్‌లున్నారు. అక్కణ్నుంచి బంతి నెట్ దాటాలంటే పైకి కొట్టక తప్పదు మరి. నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఈ కిక్ సర్వ్ జోలికి పోకండి, టాస్ కుడివైపు వేసి స్లైస్ చేసుకోండి. అదీ మంచిదే.

సర్వ్ పెద్ద ఆటగాళ్లనీ వదలదు. టెన్నిస్ క్రీడాకారిణి అరీనా సబలెంకా 2022లో 400కు పైగా డబుల్ ఫాల్ట్‌లు చేసింది. ఒక మ్యాచ్‌లో సర్వ్ కుదరక అండర్‌ఆర్మ్ సర్వ్ కూడా వేసింది. శరీర కదలికల నిపుణుణ్ని పెట్టుకుని సర్వ్‌ను మళ్లీ కట్టుకుంది. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌ను డబుల్ ఫాల్ట్‌తోనే మొదలుపెట్టింది. మొదటి చాంపియన్‌షిప్ పాయింట్ మీద కూడా ఇంకోటి చేసింది. అయినా చేతి వేగం తగ్గించలేదు, టైటిల్ గెలిచింది.

ఈ ఆదివారం ఒక సెట్ మొదటి సర్వ్ లేకుండా, ఒక్క బంతితోనే ఆడి చూడండి. తప్పితే పాయింట్ పోయినట్టే. సెట్ ఓడిపోతారేమో, ఓడిపోనివ్వండి. చెయ్యి మాత్రం ఆపకండి.