షోపాన్ సి షార్ప్ మైనర్ వాల్ట్జ్: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• వాల్ట్జ్ నడకను విని గుర్తించగలుగుతారు.
• ఈ రచన నిర్మాణాన్ని సొంత మాటల్లో వివరించగలుగుతారు.
• పునరావృత్తి, వేగం అనే రెండు అంశాల ఆధారంగా దీని విలువను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

వాల్ట్జ్ అనేది జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడే నాట్యం. దాని లయ మూడు మాత్రలది. ఊనిక మొదటి మాత్ర మీద పడుతుంది. 19వ శతాబ్ది మొదటి భాగంలో వియన్నా నాట్యశాలల్లో దీనికి గొప్ప ఆదరణ ఉండేది. ఫ్రెడెరిక్ షోపాన్ (1810–1849) పోలండ్‌లో పుట్టాడు. 1830లో వార్సా నగరాన్ని విడిచి, కొన్ని నెలలు వియన్నాలో గడిపి, 1831లో పారిస్ చేరాడు. ఆయన జీవించి ఉండగా ఎనిమిది వాల్ట్జ్‌లు అచ్చయ్యాయి. వాటిలో చివరి మూడు 1847లో ఓపస్ 64 అనే సంఖ్యతో వెలువడ్డాయి. మనం పరిశీలించేది ఆ మూడింటిలో రెండోది.

ఈ రచనను గురించి తరచుగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇది వేళ్ళ వేగానికి పరీక్ష అని కొందరు అంటారు. సంపన్నుల ఇళ్ళలో కాలక్షేపానికి పనికివచ్చే తేలిక సంగీతమని మరికొందరు అంటారు. దీనిని రోత్‌షీల్డ్ కుటుంబపు బ్యారనెస్ ఒకరికి అంకితం ఇచ్చిన మాట నిజమే. కాని అంకితం రచన పుట్టిన వాతావరణాన్ని మాత్రమే చెబుతుంది, రచన విలువను చెప్పదు. విలువ తెలియాలంటే నిర్మాణాన్ని చూడాలి.

2. నిర్మాణం

ఇందులో మూడు భాగాలు ఉన్నాయి. వాటిని అ, ఆ, ఇ అని పిలుచుకుందాం.

అ: తగిన వేగంతో, ఆచితూచి అడుగులు వేస్తున్నట్టు సాగే భాగం. కుడిచేతిలో ఒకటికి మించి స్వరాలు జంటగా కదులుతాయి.

ఆ: ఇంకొంచెం చురుకైన భాగం. కుడిచేతిలో ఒంటి స్వరాల వరుస ఆగకుండా మెలికలు తిరుగుతూ పోతుంది. తోడు స్వరాల భారమంతా ఎడమచేతిదే.

ఇ: నెమ్మదైన భాగం. ఇక్కడ రచన డి ఫ్లాట్ మేజర్‌లోకి మారుతుంది.

ఈ మూడు భాగాలు అ–ఆ–ఇ–ఆ–అ–ఆ అనే వరుసలో వస్తాయి.

సి షార్ప్, డి ఫ్లాట్ అనేవి కాగితం మీద రెండు పేర్లు, పియానో మీద ఒకే మెట్టు. అంటే మన పరిభాషలో ఆధార షడ్జమం మారలేదు. సాధారణ గాంధారం ఉన్నచోట అంతర గాంధారం వచ్చింది. కీరవాణి స్వరాలకు దగ్గరగా నడిచిన సంగీతం అదే షడ్జమం మీద శంకరాభరణం స్వరాల్లోకి వచ్చినట్టు ఊహించుకోండి. ఈ పోలిక స్వరస్థానాల వరకే చెల్లుతుంది. పియానోలో గమకం పలకదు. రాగ సంచారం కూడా ఇందులో ఉండదు.

3. తిరిగి వచ్చే భాగం

‘ఆ’ భాగం మూడుసార్లు వస్తుంది. రచన దానితోనే ముగుస్తుంది. మన కీర్తనలో పల్లవి తిరిగి వచ్చినట్టే ఇది వస్తుందని మీకు తోచవచ్చు. కాని ఒక ముఖ్యమైన భేదం ఉంది. గాయకుడు పల్లవిని సంగతులతో పెంచుతూ పోతాడు. షోపాన్ ఇక్కడ స్వరాలను దాదాపు మార్చలేదు. మార్పంతా దానికి ముందు వినిపించిన సంగీతంలోనే ఉంది.

మొదటిసారి అది సంకోచంగా నడిచిన ‘అ’ తరువాత వస్తుంది కనుక విడుదలలా వినిపిస్తుంది. రెండోసారి ప్రశాంతమైన ‘ఇ’ తరువాత వస్తుంది. అప్పుడు అవే స్వరాలు ఆ ప్రశాంతి నిలవలేదని చెబుతున్నట్టు ఉంటాయి. మూడోసారికి ‘అ’ను మనం మళ్ళీ విని ఉంటాం. బయలుదేరిన చోటికే వచ్చామని తెలిశాక ఆ పరుగులో విడుదల కన్న నిస్సహాయత ఎక్కువగా వినిపిస్తుంది.

షోపాన్ ఓపస్ 18, ఓపస్ 42 వాల్ట్జ్‌ల చివర కోడా, అంటే ముక్తాయింపు వంటి భాగం, చేర్చాడు. ఇక్కడ దానిని చేర్చలేదు. పరుగు సాగి సాగి ఆగిపోతుంది, అంతే. సమాధానం ఇవ్వకపోవడమే ఈ ముగింపులోని బలం.

4. నేర్చుకునేవారికి సూచనలు

అభ్యాసం ఎడమచేతితో మొదలు కావాలి. ప్రతి బారులో అది సాధారణంగా కింద ఒక మంద్ర స్వరం, ఆ తరువాత రెండు కార్డులు వాయిస్తుంది. కార్డు అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు. మంద్ర స్వరం నిలకడగా, కార్డులు తేలికగా పలకాలి. మూడూ ఒకే బరువుతో పడితే నడక మొద్దుబారుతుంది.

ఆ తరువాతనే కుడిచేతికి స్వేచ్ఛ ఇవ్వాలి. ఎడమచేయి కాలం తప్పకుండా నడుస్తుంటే పైన పాట కొంచెం ముందుకు, వెనుకకు ఊగవచ్చునని షోపాన్ తన శిష్యులకు బోధించేవాడు. ఆయన పియానో మీద మెట్రోనోమ్ ఎప్పుడూ ఉండేదని శిష్యుడు కారోల్ మికూలి రాశాడు. స్వేచ్ఛ అంటే లెక్క తప్పడం కాదని దీనివల్ల తెలుస్తుంది.

‘ఆ’ భాగానికి షోపాన్ ఇచ్చిన సూచనకు ‘ఇంకొంచెం చలనంతో’ అని అర్థం. ‘చేతనైనంత వేగంగా’ అని కాదు. దీనిని పందెంలా వాయిస్తే మూడు రాకలూ ఒకే రాకగా మిగులుతాయి.

పియానో అందుబాటులో లేనివారు దీను లిపట్టి 1950లో చేసిన రికార్డింగును, ఆర్థర్ రూబిన్‌స్టీన్ రికార్డింగును పక్కపక్కన పెట్టి వినవచ్చు. చేతితో మూడు మాత్రలు లెక్కిస్తూ ‘ఆ’ మూడు రాకలను మాత్రమే పోల్చి చూడండి.

5. విలువ నిర్ణయం

ఒక ఆక్షేపణను ఇక్కడ పట్టించుకోవాలి. ఒకే భాగం ఇన్నిసార్లు రావడం, ఎడమచేతి నడక పెద్దగా మారకపోవడం విసుగు కలిగిస్తాయని అనవచ్చు. వాయించేవారు అజాగ్రత్తగా ఉంటే ఈ ఆక్షేపణ నిజమే అవుతుంది. రచన తన భారంలో ఎక్కువ భాగాన్ని వాద్యకారుని వివేకం మీద పెట్టింది. దీనిని లోపమనడం కన్న షరతు అనడం న్యాయం.

భాగం భాగానికీ వేగం మారే ఈ వాల్ట్జ్‌కు నాట్యశాలలో అడుగు వేయడం కష్టం. నాట్యపు లెక్కను ఉంచుకుని, నాట్యపు ఉల్లాసాన్ని ప్రశ్నించడమే ఇందులోని విశేషం. తేలిక సంగీతమన్న తీర్పు లెక్కను మాత్రమే విన్నది, ప్రశ్నను వినలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ‘ఆ’ భాగం తిరిగి రావడానికి, కీర్తనలో పల్లవి తిరిగి రావడానికి గల భేదం ఏమిటి?
2. చివర కోడా ఉండి ఉంటే ఈ రచన అర్థం ఎలా మారేది? కారణాలతో చర్చించండి.
3. మీకు తెలిసిన ఒక పాటలో మార్పు లేకుండా తిరిగి వచ్చే చరణం లేదా పల్లవి ప్రతిసారీ ఒకే అర్థం ఇస్తుందా? పరిశీలించి రాయండి.