దేశ ప్రయోజనంలో వాడ ఎక్కడ?

ఆర్‌సీఈపీ చర్చలు 2017 జులైలో మన హైదరాబాదులోనే జరిగాయి. పదహారు దేశాల అధికారులు తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు. మనలో ఎంతమందిమి పట్టించుకున్నాం? అది ఆర్థికవేత్తల పని అనుకున్నాం, తప్పు మనదే.

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత్ తప్పుకుంది. న్యూజిలాండ్ పాలపొడి ముప్పు పోయిందని రైతు సంఘాలు సంతోషించాయి. మేమూ కాదనం. ఒక్క గేదె మీద బతికే ఇళ్లు వాడలోనూ ఉన్నాయి గదా. కానీ వాదనంతా పట్టా ఉన్న రైతు చుట్టూనే తిరిగింది. గడ్డి కోసుకోవాలంటే ఆసామి గట్టే దిక్కయిన కూలితల్లి పాడి ఆ లెక్కలో ఎక్కడుంది? ఆమె గిన్నెలో పాలు ఊళ్లో అందరూ పోయించుకుంటారా? సుంకం ఎంత పెంచినా ఈ అడ్డుగోడ కదలదు.

జపాన్, కొరియా అడిగిన పేటెంటు షరతులు ఒప్పుకుని ఉంటే మందులూ ప్రియమయ్యేవి. దాని గురించి రాసినవాళ్లు బహు తక్కువ.