‘నా పాటలు’ ఎవరివి? – సంగీత ఏజెంట్లలో ఖాతా మార్పిడి: తాళ్ళపాక ముద్ర వెలుగులో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కీర్తన విన్నంత మాత్రాన దాని కర్త ఎవరో తేలదు. ‘పాట పెట్టు’ అన్న మాట విన్నంత మాత్రాన ఆ కోరిక ఎవరిదో తేలదు. మొదటి చిక్కు తాళ్ళపాక వాఙ్మయ పరిశోధకులకు పరిచితమే. రెండవది స్పాటిఫై వంటి సంగీత వేదికలను మనిషికి బదులుగా నడిపే కృత్రిమ మేధ ఏజెంట్లతో వచ్చింది. ఒకే ఉపకరణంలో పలువురి ఖాతాల మధ్య మారే ఏర్పాటును వక్తృనిర్ణయ సమస్యగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఖాతా మార్పిడి – పనితీరు

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ప్రకటించిన తరువాత భాషా నమూనాలకు బయటి ఉపకరణాలను ఒకే పద్ధతిలో జోడించడం సులభమైంది. సంగీత ఉపకరణం పాటను వెతకడం, వినిపించడం, జాబితాలో చేర్చడం వంటి పనులను ఏజెంటుకు అందిస్తుంది. ఖాతాదారు ఓఆత్ పద్ధతిలో అనుమతి ఇస్తే పాస్‌వర్డుకు బదులుగా ఒక టోకెన్ లభిస్తుంది. స్పాటిఫైలో దాని చెల్లుబాటు 1 గంట. ఆపైన రిఫ్రెష్ టోకెన్‌తో కొత్తది పొందాలి. ఇద్దరు శ్రోతలుంటే రెండు జతల టోకెన్లు ఉంటాయి. ‘ఖాతా మార్చు’ అంటే ఇకపై ఏ జతను వాడాలో నిర్ణయించడమే.

దీనిని రెండు విధాలుగా అమర్చవచ్చు. ఉపకరణమంతటికీ ఒకే ‘ప్రస్తుత ఖాతా’ను గుర్తుంచుకోవడం ఒకటి. ప్రతి ఆదేశంతోనూ ఖాతా పేరును చెప్పడం రెండవది. ఏ పనిని ఎప్పుడు చేయాలో ఏజెంటు ఉపకరణానికి రాసిన వివరణ వాక్యాలను చదివి నిర్ణయించుకొంటుంది. కనుక ఆ వాక్యాల అర్థనిర్ణయం సాంకేతిక నిపుణులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

3. ముద్ర – రేకు

అన్నమాచార్యుడు (1408–1503), కుమారుడు పెద తిరుమలాచార్యుడు, మనుమడు చిన తిరుమలాచార్యుడు – ముగ్గురి సంకీర్తనలలోనూ కనిపించేది వేంకటేశ్వర ముద్రే. శృంగార సంకీర్తనలో ‘నేను’ అనేది తరచుగా నాయిక, కర్త కాదు. ఈ స్థితిలో కర్తృత్వ నిర్ణయానికి ప్రధానాధారం పాట లోపల లేదు. తిరుమల సంకీర్తన భాండాగారంలో లభించిన రాగిరేకులు కర్తలను వేరుచేసి చూపుతున్నాయి. అన్నమాచార్యుని రచనాకాలం శక 1346 నుంచి 1424 వరకు అని చెప్పేదీ రేకే. తిరుమల తిరుపతి దేవస్థానం సంపుటాలలో కీర్తన వెంట రేకు సంఖ్యను చూపడానికి కారణం ఇదే. పాట పరిష్కర్త చేతికి వచ్చినా దాని ఆధారం వెంట రావలసిందే.

4. ఒక గృహసందర్భం

1926లో మలయాళస్వామి స్థాపించిన వ్యాసాశ్రమం, నేటి ఐఐటీ, ఐసర్ ప్రాంగణాలు ఏర్పేడు పరిసరాలలోనే ఉన్నాయి. అక్కడి ఒక ఇంటిలో అవ్వ, మనుమడు ఒకే ఫోనులో ఏజెంటును వాడుతున్నారని భావిద్దాం. పగలు మనుమడు తన ఖాతాకు మార్చి సినిమా పాటలు వింటాడు. సాయంత్రం అవ్వ ‘నా పాటలు పెట్టు’ అంటుంది. ‘ప్రస్తుత ఖాతా’ మారలేదు గనుక ‘నా’ అన్న సర్వనామానికి మనుమడే అర్థమవుతాడు. అవ్వ చెవికి తప్పు పాట వెంటనే తెలుస్తుంది. ఆమె కోరి విన్న సంకీర్తనలు మనుమడి ఖాతాలో నమోదు కావడం, ఆమె జాబితాకు చేరవలసినవి అతని జాబితాకు చేరడం మాత్రం ఎవరికీ వెంటనే తెలియవు.

గొంతును గుర్తుపట్టే ఏర్పాటు ఉంటే చాలదా అన్న పూర్వపక్షం రావచ్చు. గొంతు అడిగినవారిని చూపుతుందే గాని ఎవరి కోసం అడిగారో చూపదు. ‘అవ్వకు ఆ కీర్తన పెట్టు’ అని మనుమడే అనవచ్చు. అర్థవ్యంజనకు హేతువులను చెబుతూ మమ్మటుడు వక్తతో పాటు బోద్ధవ్యుని, సందర్భాన్ని కూడా లెక్కించాడు. ఇక్కడ లబ్ధిదారు అనే మరొకరినీ చేర్చుకోవాలి. ప్రతిసారీ ఖాతా అడగడం విసుగు పుట్టిస్తుందన్న మాటలో నిజముంది. అందుకే వినిపించే పనికీ, చేర్చే, తొలగించే పనులకూ భేదం పాటించాలి. మొదటిదానికి ఖాతా పేరు పలికితే చాలు. రెండవదానికి అంగీకారం అడగాలి.

పోలికకు ఒక హద్దు ఉంది. రేకుపై కర్త పేరు నిలవడం కర్తకు గౌరవం. శ్రోత పేరు నిలవడం అన్నివేళలా గౌరవం కాదు. అవ్వ ఖాతాను కలిపి ఇచ్చిన మనుమడు ఎప్పుడైనా అందులోకి మారి ఆమె ఏమి విన్నదో చూడగలడు. ఒకసారి ఇచ్చిన అనుమతి అన్ని సందర్భాలకూ అనుమతి కాజాలదు. స్పాటిఫై ఖాతా పుటలో అనుసంధానించిన యాప్‌ల అనుమతిని రద్దు చేసే వీలుంది. ఆ సంగతి ఆమెకు ఆమె భాషలో తెలియాలి.

5. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలుతున్న అంశాలు: ‘ప్రస్తుత ఖాతా’పై ఆధారపడే అమరిక కంటే ప్రతి ఆదేశంతో ఖాతా పేరును పంపే అమరిక మేలైనది. ‘నా’ అన్న మాటకు అర్థం సందిగ్ధమైనప్పుడు ఏజెంటు ఊహించకుండా అడగాలి. వేరొకరి ఖాతాలోకి మారడానికి ఆ ఖాతాదారు సమ్మతి ఉండాలి. సర్వనామానికి అర్థం సందర్భం వల్లనే సిద్ధిస్తుందని తెలుగు వ్యాకరణ, అలంకార విద్యార్థులకు తెలుసు. ఉపకరణ వివరణలు రాసేవారితో ఆ విద్యార్థులు కలిసి పనిచేయవలసిన అవసరాన్ని ఈ చిన్న సమస్య సూచిస్తున్నది.