బొత్తాల వాస్తవికత

చిత్రకళను గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ప్రబంధాల్లోని వర్ణనలు, ఆధునిక కథలోని వాస్తవికత, ఇవీ నాకు కాస్తో కూస్తో తెలిసిన విషయాలు. అయినా అంగుళం యెత్తయినా లేని సైనికుల బొమ్మలకు అక్రిలిక్ రంగులు వేసే కళను గురించి ఇక్కడ రాయటానికి సాహసిస్తున్నాను. కారణమేమంటే, ఆ కళను గురించి నేను ఒకసారి తీర్పు చెప్పాను. ఆ తీర్పు తప్పు. ఆ తప్పు యెక్కడ జరిగిందో వెతుక్కుంటూ పోతే అది బొమ్మల దగ్గర ఆగలేదు, మన సాహిత్య విమర్శదాకా వచ్చింది.

జరిగింది ఇది. మా కళాశాలలో విద్యార్థుల చేతిపనుల ప్రదర్శన పెట్టారు. నిర్ణేతల్లో నేనొకణ్ణి. బి.ఏ. రెండో సంవత్సరం కుర్రవాడొకడు అట్టమీద ఇసుక అంటించి, దానిమీద పన్నెండుమంది సైనికుల్ని నిలబెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారిలో పోరాడిన 8వ సైన్యమట. బొమ్మలు వచ్చిన పెట్టెను కూడా పక్కనే వుంచాడు. పెట్టెమీది చిత్రంలో సైనికులందరి ముఖాలూ లేత గులాబి రంగు. కుర్రవాడి సైనికుల్లో నలుగురి ముఖాలు మాత్రం మన ముఖాల మాదిరి నల్లగా వున్నాయి. పొరపాటు చేశాడనుకుని మార్కులు తగ్గించాను. అతడు వాదించలేదు. సాయంత్రం వరండాలో కనబడి ఒక మాట అన్నాడు. ఆ మాట యేమిటో తర్వాత మనవి చేస్తాను. ముందు ఈ కళ స్వరూపం చూడాలి. ఆ మాట విన్న తర్వాత నేను నాలుగైదు ఆదివారాలు ఆ కుర్రవాడి గదిలో కూర్చుని అతడు పనిచేస్తూ వుంటే చూశాను.

ఆ బొమ్మల నిష్పత్తి 1/72. అయిదడుగుల యెనిమిదంగుళాల మనిషి ఈ లెక్కన 24 మిల్లీమీటర్ల బొమ్మ అవుతాడు. తల మూడు మిల్లీమీటర్లు వుంటే గొప్ప. మెత్తటి ప్లాస్టిక్‌తో అచ్చుపోసినవి. అచ్చునుంచి అంటిన జిడ్డు పోయేటట్టు ముందు సబ్బునీళ్ళతో కడగాలి. ఆరాక ప్రైమర్ అనే అడుగుపూత పుయ్యాలి. ఆపైన అక్రిలిక్ రంగు. ఇది నీళ్ళతో కలిసే రంగు. నీళ్ళలో అతి సన్నటి ప్లాస్టిక్ రేణువులూ, వాటి మధ్య రంగుపొడీ తేలుతూ వుంటాయి. నీరు ఆవిరైపోతే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఒకసారి ఆరిన పొర మళ్ళీ నీటికి కరగదు. అంచేత అడుగు రంగు చెదరకుండా దానిమీద మరొక పల్చటి పొర, దానిమీద ఇంకొక పొర వెయ్యవచ్చు. రంగు పాలంత పల్చగా వుండాలి. చిక్కగా వేస్తే ముక్కూ నోరూ పూడిపోతాయి. ఓర్పు లేనివాడికి ఈ పని చేతకాదు.

ఒకనాడు అతడు ఒక బొమ్మను నా చేతికిచ్చాడు. చొక్కాకు చొక్కా రంగు, బూట్లకు బూట్ల రంగు, తుపాకి కర్రకు కర్ర రంగు, అన్నీ సరిగ్గానే వేసి వున్నాయి. ఒక్క రంగునైనా తప్పు పట్టటానికి వీల్లేదు. కాని బొమ్మలో జీవం లేదు, రంగు పూసిన మట్టిబెడ్డలా వుంది.

"ఏమిటి లోపం?" అన్నాను.

"నీడ లేదు మాస్టారూ" అన్నాడు.

ఇక్కడే ఈ కళ రహస్యమంతా వుంది. మనిషి తొడుక్కున్న చొక్కా మడతల్లో నీడ దానంతటదే పడుతుంది. 24 మిల్లీమీటర్ల బొమ్మ మడతల్లో మన కంటికి ఆనేటంత నీడ పడదు. కనక నీడను కూడా చిత్రకారుడే వెయ్యాలి. ముదురు రంగును బాగా నీళ్ళు చేసి బొమ్మమీద వదిలితే అది మడతల్లోకి దిగి అక్కడ ఆరుతుంది. తర్వాత కుంచెను గుడ్డకు తుడిచి, మిగిలిన పొడి రంగుతో భుజాలమీదా, మోకాళ్ళమీదా, టోపీ అంచుమీదా తేలిగ్గా రాస్తే ఎండ తగిలినట్టు మెరుస్తాయి. అంతేకాదు, బొమ్మను అడుగు దూరంనుంచి చూడటం 72 అడుగుల దూరంలో నిలబడిన మనిషిని చూడటంతో సమానం. అంత దూరంలో నలుపు కటిక నలుపుగా కనబడదు, యెరుపు వెలిసినట్టుంటుంది, కంటిగుడ్డులోని తెలుపు అసలు కనబడదు. కనక తెలిసిన పనివాడు నలుపుకు బదులు ముదురు బూడిదరంగు వాడతాడు. కన్ను గియ్యకుండా కనుబొమల కింద ఒక నీడ వేసి ఊరుకుంటాడు. అసలు బట్టనుంచి రంగును ఉన్నదున్నట్టు దించితే బొమ్మ అబద్ధంగా కనబడుతుంది. కొంత పెంచి, కొంత తగ్గించి, కొంత వదిలేస్తేనే నిజంగా కనబడుతుంది.

సాహిత్య విద్యార్థికి ఈ సూత్రం కొత్తది కాదు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్ అనే నవలా రచయిత్రికి రాసిన లేఖలో, వివరాలు నిజమైనంత మాత్రాన వాస్తవికత సిద్ధించదనీ, ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్యం వహించే పాత్రలు కావాలనీ ఎంగెల్స్ వాదించాడు. దీన్ని మనం తరగతిగదిలో యేటా వల్లిస్తాం. బీదవాడి గుడిసెలోని కుండలన్నీ లెక్కపెట్టి చూపించినా ప్రాణం లేని కథలు మనకు కొదవ లేదు. ఆ కథల్లో వివరం వుంది, నీడ లేదు. నేను పదేళ్ళుగా పాఠంగా చెప్పిన విషయాన్ని ఒక కుర్రవాడు కుంచె పట్టుకుని నాకు చూపించాడు.

ఈ మాట మా అధ్యాపకుల గదిలో అంటే ఒక మిత్రుడు నన్ను గట్టిగా ఖండించాడు. ఆయన ఆక్షేపణలు రెండు. సైనికుల బొమ్మలు యుద్ధోన్మాదాన్ని పెంచుతాయనేది ఒకటి. ఇదంతా తీరికవున్న మధ్యతరగతి వారి కాలక్షేపమనేది రెండోది.

మొదటిదానికి చరిత్రలో ఒక విచిత్రమైన ఉదాహరణ వుంది. సోషలిస్టు అయిన ఎచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాశాడు. నేలమీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు నియమాలు చెప్పిన పుస్తకం అది. నిజమైన యుద్ధం యెంత తెలివితక్కువ పనో ఈ ఆట ఆడినవాడికి తెలిసివస్తుందని ఆయన వాదం. మరుసటి యేడే మహాయుద్ధం వచ్చింది. బొమ్మలు ఆ యుద్ధాన్ని తేలేదు, ఆపనూ లేదు. తెచ్చింది సామ్రాజ్యాల మధ్య పోటీ. ఆ నేరాన్ని బొమ్మలకు అంటగట్టటం అసలు నేరస్తుణ్ణి వదిలిపెట్టటమే.

రెండో ఆక్షేపణలో కొంత నిజం వుంది. ఈ రంగులూ కుంచెలూ చవక కాదు. కాని ఈ పని తీరికవాళ్ళ చేతుల్లో పుట్టలేదు. లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ 1893నుంచి లోపల బోలుగా వుండే సీసపు సైనికుల్ని పోతపోసి ప్రపంచమంతటా అమ్మింది. వాటికి రంగులు వేసినవారిలో ఎక్కువమంది శ్రామిక స్త్రీలు. వాళ్ళకది కూలిపని. ఆ స్త్రీల చేతుల్లో సాగిన పనే ఈనాడు కళగా, వినోదంగా మారింది. దాన్ని కాలక్షేపమని కొట్టిపారేస్తే ఆ చేతుల్ని కూడా కొట్టిపారేసినట్టవుతుంది.

అయితే ఈ కళను పూర్తిగా సమర్థించటానికి నేను సిద్ధంగా లేను. దీనిలో ఒక పెద్ద జబ్బు వుంది. ఈ కళాభిమానుల్లో చాలామంది ఒక దళం చొక్కాకు బొత్తాలెన్నో, కాలరు పట్టీ యే రంగో, యే సంవత్సరంలో టోపీ మారిందో క్షుణ్ణంగా యెరుగుదురు. బొత్తం తప్పితే పెద్ద చర్చ జరుగుతుంది. బొత్తం వెనక వున్న మనిషి యే వూరివాడు, యెందుకు సైన్యంలో చేరాడు, యెవరి లాభంకోసం చచ్చాడు అనే ప్రశ్న మాత్రం రాదు. రంగు విషయంలో నకలు చాలదని తెలుసుకున్న చిత్రకారుడే చరిత్ర విషయంలో నకలుతో తృప్తిపడుతున్నాడు. దీన్నే నేను బొత్తాల వాస్తవికత అంటున్నాను.

ఇది ఈనాటి జబ్బు కాదు. బ్రిటిష్ సైన్యంలో అధికారి అయిన విలియం సైబోర్న్ 1815నాటి వాటర్లూ యుద్ధానికి ఒక బ్రహ్మాండమైన నమూనా తయారుచేశాడు. 1830లో ఆ యుద్ధభూమిలోనే నెలల తరబడి మకాం పెట్టి నేలనంతా కొలిచాడు. 1838లో లండన్‌లో ప్రదర్శించిన ఆ నమూనాలో 70,000కు పైగా లోహపు బొమ్మలున్నాయి. నేల యెత్తుపల్లాలు, పొలంలో పైరు, యేదీ వదల్లేదు. అంత శ్రద్ధగలవాడు, ఆనాడు యేం జరిగిందో చెప్పమని ఉత్తరాలు రాసింది మాత్రం అధికారులకు. ఆ యుద్ధంలో గడ్డిమీద పడి చచ్చినవారూ, చావకుండా కాళ్ళుచేతులు పోగొట్టుకున్నవారూ అత్యధికం మామూలు సిపాయిలు. వాళ్ళ సాక్ష్యానికి విలువ లేకపోయింది. పైగా, విజయంలో ప్రష్యా సైన్యం వాటా ఈ నమూనాలో మరీ ఎక్కువగా కనబడుతోందని విమర్శ రాగా, ప్రష్యన్ బొమ్మల్లో కొన్నిటిని తర్వాత తీసివెయ్యవలసి వచ్చింది. బల్లమీది బొమ్మలకు కూడా రాజకీయాలు తప్పలేదు. యెన్ని బొమ్మలు నిలబెట్టావన్నది ప్రశ్న కాదు, యెవర్ని అడిగి నిలబెట్టావన్నది ప్రశ్న.

ఇప్పుడు మా కుర్రవాడి మాటకు వస్తాను. ఆ సాయంత్రం వరండాలో అతడు అన్నది ఇది:

"మాస్టారూ, ఆ నలుగురిలో ఒకడు మా ముత్తాత."

పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ వూరినుంచి సైనికులు వెళ్ళారు. ఈ కుర్రవాడిది ఆ చుట్టుపక్కల వూరు. ముత్తాత మద్రాసు సాపర్లలో చేరి ఎడారికి వెళ్ళివచ్చాడట. సాపర్లంటే సైన్యంలో బాటలు వేసేవాళ్ళు, వంతెనలు కట్టేవాళ్ళు, భూమిలో పాతిన మందుపాతరలు తీసేవాళ్ళు. 8వ సైన్యంలో బ్రిటిష్‌వాళ్ళతోపాటు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, భారత దళాలున్నాయి. 1942లో ఎల్ అలమైన్ దగ్గర 4వ భారత డివిజన్ వుంది. ఆ యుద్ధకాలంలో సుమారు 25 లక్షలమంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వీరిలో చాలామందిని సైన్యంలోకి తీసుకుపోయింది సామ్రాజ్యభక్తి కాదు, ఇంట్లో లేని బియ్యం. వాళ్ళు అక్కడ పోరాడుతున్న కాలంలోనే, 1943లో, బెంగాల్ కరువులో లక్షలాది జనం అన్నం లేక చచ్చిపోయారు.

ఇదంతా పుస్తకాల్లో వున్నదే. నేను చదివిందే. అయినా నిర్ణేతగా కూర్చున్నప్పుడు పెట్టెమీది చిత్రాన్ని ప్రమాణంగా తీసుకున్నాను, కుర్రవాడి కుంచెను తప్పుపట్టాను. వలస పాలనను గురించి వ్యాసాలు రాసేవాడికి కూడా సైనికుడంటే గులాబి రంగు ముఖమే తోచింది. కుర్రవాడి రంగుసీసాల్లో ఒకదానిమీద 'ఫ్లెష్' అని వుంది. ఫ్లెష్ అంటే మనిషి ఒంటిరంగు. సీసా లోపల వున్నది ఐరోపావాడి ఒంటిరంగు. అమెరికాలో క్రయోలా సంస్థ తన రంగుబలపాల్లో ఇదే పేరుతో వున్నదాన్ని 1962లో 'పీచ్' అని మార్చింది. సీసామీద పేరు మారటం తేలిక. చూసే కంటిలో మారటం కష్టం, అందుకు నేనే సాక్షిని.

ఇక్కడ ఆ రంగు చరిత్ర కూడా చెప్పుకోవాలి. అక్రిలిక్ రంగులు కళలోకి రావటంలో మెక్సికో కుడ్యచిత్రకారులకు ముఖ్యమైన పాత్ర వుంది. వాళ్ళకు గోడలు కావాలి. ఎండకూ వానకూ తట్టుకునే, త్వరగా ఆరే రంగు కావాలి. సికేరోస్ 1936లో న్యూయార్కులో కర్మశాల పెట్టి, కార్లకు వేసే రంగుల వంటి పారిశ్రామిక రంగులతో ప్రయోగాలు చేశాడు. ఆయన మెక్సికో విప్లవంలో తుపాకి పట్టినవాడు, స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన పోరాడినవాడు. ఆ కర్మశాలలో పనిచేసిన జోసె గుతియెరెస్ తర్వాత మెక్సికోలో అక్రిలిక్ రంగుల్ని అభివృద్ధి చేశాడు. ప్రజల చరిత్రను ప్రజలు నడిచే వీధిలో గోడమీద రాయటానికి కావాలనుకున్న రంగే ఇవాళ మూడు మిల్లీమీటర్ల ముఖంమీద ఆరుతోంది. గోడ పెద్దది గనక అక్కడ చరిత్ర పట్టింది, బొమ్మ చిన్నది గనక పట్టదు అనే వాదం చెల్లదు. మన కొండపల్లి బొమ్మ చూడండి. తాడిచెట్టెక్కే గీతకార్మికుడు ఆ చిన్న తెల్లపొణికి కర్రలో నిక్షేపంగా పట్టాడు. చేసినవాడికి ఆ మనిషి తెలుసు గనక పట్టాడు.

కనక ఈ కళను నిషేధించమనటం మన పని కాదు, నెత్తిన పెట్టుకోవటం కూడా కాదు. కథను అడిగే ప్రశ్నలే దీన్నీ అడగాలి. ఖాకీ అనే మాటకు దుమ్మురంగు అని అర్థం. ఆ చొక్కామీద చెమట మరక యెక్కడ పడిందో, మోకాలి దగ్గర యెందుకు వెలిసిందో చూపించగలిగినవాడికి ఆ మోకాలు యెవరి ముందు వంగవలసి వచ్చిందో కూడా తెలియాలి. నీడ వెయ్యటం నేర్చిన చేతికి చరిత్రలోని నీడ యెక్కడ పడిందో తెలిసినప్పుడు బొత్తాల వాస్తవికత పోయి అసలు వాస్తవికత వస్తుంది.

నేను నా పొరపాటును ప్రదర్శన నిర్వాహకులకు రాసి ఇచ్చాను. మార్కులు మారలేదు, బహుమతులు అప్పటికే పంచేశారు. కిందటిసారి ఆ కుర్రవాడి గదికి వెళ్ళినప్పుడు అతడు ముత్తాత బొమ్మను మళ్ళీ చేస్తున్నాడు. పెట్టెలోని బొమ్మలన్నిటి చేతుల్లోనూ తుపాకులే వున్నాయి. అతడు బ్లేడుతో ఒక తుపాకిని జాగ్రత్తగా కోసేశాడు. సన్నటి తీగముక్కను అరగదీసి ఆ చేతుల్లో పలుగు పెట్టాడు. ముఖానికి వెయ్యవలసిన రంగు యే సీసాలోనూ లేదు. గోధుమరంగులో కాస్త యెరుపూ, కాస్త నలుపూ వేసి కలిపాడు, తన ముంజేతిమీద ఒక చుక్క పెట్టి పోల్చి చూసుకున్నాడు, ఇంకొంచెం నలుపు కలిపాడు.