జాలీల వైవిధ్యం: పొగడ్తా, లెక్కా?

హైదరాబాద్ పాతనగరంలో ఛత్రినాకకు అంత దూరం కాని పిసల్‌బండలో పాయిగా అమీరుల సమాధులు ఉన్నాయి. 18వ శతాబ్ది చివరి కాలం నుంచి ఆ వంశీయులు అక్కడ ఖననమవుతూ వచ్చారు. గచ్చుపనికీ జాలీలకూ ఆ స్థలం పేరెన్నికగన్నది. వాటిని వర్ణించేవారు తరచూ రెండు మాటలంటారు: నమూనాలు అనంతం, ఏ రెండూ ఒకేలా లేవు. అయితే "ఒకేలా" అంటే ఏమిటో నిర్వచించకుండా ఈ మాట అనడం విమర్శ కాదు. ముషాయిరాలో వినిపించే "వాహ్ వా" మాత్రమే.

ఒక చిన్న చట్రాన్ని ఊహించవచ్చు. రెండు వరుసలు, వరుసకు మూడు గడులు. ప్రతి గడిలో ఒక కర్ణం. అది కుడికో ఎడమకో వాలుతుంది. ఇలాంటి గడులు పెరిగేకొద్దీ గోడలూ దారులూ అల్లుకొని భూల్‌భులయ్యాను తలపిస్తాయి. ఆరు గడులకు మొత్తం 64 అమరికలు. కాని పలకను తలకిందులు చేసినా మారనివి 8. అందువల్ల తిప్పి అమర్చగల పలకలకు 64, 8 కలిపి రెండుతో భాగించాలి: 36.

జాలీకి మరో గుణం ఉంది. దానిని రెండు వైపుల నుంచీ చూస్తారు. లోపలివారికి కనిపించేది బయటివారికి అద్దంలో బింబంలా కనిపిస్తుంది. కుడి ఎడమలు తారుమారైనా మారని అమరిక ఈ చట్రంలో ఒక్కటీ లేదు, నడిమి గడులు అడ్డుపడతాయి. పైకిందులు తారుమారైనా మారనివి 8. 64, 8, 0, 8 కలిపితే 80. నాలుగుతో భాగిస్తే 20. గోడకు అంటిన గచ్చు పలకకు 36, రాతి జాలీకి 20. చట్రం ఒక్కటే, లెక్క మారింది.

లిపి విషయం వేరు. సమర్‌ఖండ్‌లోని తైమూరీ కట్టడాలపై చదరపు కూఫీ లిపి గడుల అల్లికలా కనిపిస్తుంది. కాని దానిని అద్దంలో తిప్పితే నామం చదవడానికి వీలుకాదు. అక్కడ ప్రతిబింబం మరో రూపం కాదు, తప్పు.

లెక్క అందాన్ని చంపుతుందనే ఆక్షేపణ నిలవదు. 10వ శతాబ్దపు గణితవేత్త అబుల్ వఫా బూజ్‌జానీ శిల్పకారులకు అవసరమైన రేఖాగణితంపై ప్రత్యేకంగా గ్రంథం రాశారు; వారి కొలతల్లోని పొరపాట్లనూ ఎత్తిచూపారు. పనివానిని గౌరవించడమంటే అదే.

ఈ చర్చ మాటల పట్టింపు కాదు. జాలీ విరిగినప్పుడు మరమ్మతుదారుకు ఆధారం పాత ఛాయాచిత్రమే కావచ్చు. ఎనిమిది కోణాల నక్షత్రమైతే ఏ వైపు నుంచి తీసినా ఒక్కటే. ఒకే దిశకు సుడి తిరిగే నమూనా అయితే, చిత్రాన్ని లోపలి నుంచి తీశారో బయటి నుంచి తీశారో రాసి ఉండకపోతే కొత్త పలక తిరగబడుతుంది. పక్క పలకలతో దాని పొత్తు చెడుతుంది. కనుక "ఏ రెండూ ఒకేలా లేవు" అని రాసేవారు ముందు ఎటువైపు నిలబడి చూశారో రాయాలి.