పలక మీద పారిజాతాపహరణం

మృగశిర కార్తె దాటాక నాలుగు కుండీల్లో చేమంతి పిలకలు నాటాను. ఐస్‌క్రీం పుల్లల మీద పర్మనెంట్ మార్కరుతో పేర్లు రాసి పక్కనే గుచ్చాను. పర్మనెంట్ అన్నాడు కదా, ఉంటుందిలే అనుకున్నాను. ఆరు వారాలు తిరిగేసరికి పుల్లలన్నీ తెల్లముఖం వేశాయి. ఆ రోజుల్లోనే ఊరెళ్లి వస్తే, మొక్కలకు నీళ్లు పోసే ఆమె మెట్ల దగ్గరే ఎదురొచ్చింది.

"సార్, కుండీలల్ల వయ్యారిభామ మొలిచింది. మొత్తం పీకేసిన."

చేమంతి లేత ఆకునూ వయ్యారిభామ లేత ఆకునూ పక్కపక్కన పెడితే నేనూ తడబడతాను. అది చేమంతి అమ్మా అంటే ఆమె నొచ్చుకుంది. "పేరు రాసి ఉంటే నేనెందుకు పీకుత సార్?" అంది. రాశాను. ఎండ తుడిచేసింది. ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మేముండేది మదీనాగూడలో. మియాపూర్‌కీ చందానగర్‌కీ నడుమ, ముంబై హైవేని ఆనుకున్న ఊరు. ఊరు అనడం పాత అలవాటు. ఇప్పుడు చూస్తే అపార్టుమెంట్లు, వాటి మధ్య ఇరుక్కున్న కొన్ని విడి ఇళ్లు, ప్రతి ఇంటి మీదా నీళ్ల ట్యాంకు, ట్యాంకు నీడలో కుండీలు. నేల మిగలని చోట తోట మిద్దెక్కుతుంది. హైదరాబాదులో ఇది కాస్త సాహిత్యం వాసన ఉన్న వ్యసనం కూడా. సింగరేణి జీవితాల మీద కథలు రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద పెంచిన తోట గురించి ఏకంగా పుస్తకమే తెచ్చారు. కథకుడు మట్టి పట్టుకున్నప్పుడు మాలాంటి పాఠకులు ఊరుకుంటారా? నేను పుస్తకాలను కుండీల్లోకి దింపాను.

అంటే మొక్కల పేరుపలకల్ని పుస్తకాల్లాగా చెయ్యడం. పడమటి దేశాల్లో పాత చెంచాల మీద, చిన్న చెక్కపుస్తకాల మీద పేర్లు రాసి గుచ్చుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ మనకు పుస్తకం అంటే అట్టా, కాగితమూ ఒక్కటే కాదు. కాగితం రాకముందు మనవాళ్లు తాటాకు మీద రాశారు, రాగిరేకు మీద చెక్కారు. నా తరం వాళ్లం పలక మీద దిద్దాం. ఈ మూడింట్లోనూ ఉన్న కిటుకు ఒకటే: అక్షరాన్ని పూయరు, గీస్తారు. నా ఐస్‌క్రీం పుల్లకు తెలియనిది అదే.

ముందు తాటాకు. ఎండాకాలం హైవే పక్కన ముంజలు అమ్మేవాళ్లు ఆకులు అక్కడే పడేసి పోతారు, అడిగితే ఇస్తారు. మరీ లేతది ముడుచుకుపోతుంది, ముదురుది పెళుసెక్కి విరుగుతుంది, మధ్యరకం కావాలి. ఈనె తీసేసి, రెండు వేళ్ల వెడల్పున పట్టీలు కోసి, పసుపు వేసిన నీళ్లలో ఓ అరగంట ఉడికించి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆరాక బరువు కింద అణచాలి. మా ఇంట్లో ఆ పని శబ్దరత్నాకరం చేసింది. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి నిఘంటువు తాటాకు మీద కూర్చోవడంలో నాకైతే న్యాయమే కనిపించింది.

రాయడానికి గంటం ఎక్కడ దొరుకుతుంది? పిల్లల జామెట్రీ పెట్టెలో ఉన్న కాంపస్ ముల్లు సరిపోతుంది. పాత లేఖకులు ఎడమచేతి బొటనవేలి గోటికి చిన్న గాటు పెట్టుకుని, అందులో గంటం ఆనించి, ఆకును జరుపుకుంటూ పోయేవారట. నేను గోటి జోలికి పోలేదు గానీ, ముల్లును కదలనివ్వకుండా ఆకును తిప్పితే గీత నున్నగా వస్తుందన్నది మాత్రం నిజం. తాటాకు నార పొడవునా నడుస్తుంది. నార వెంబడి తిన్నగా గీత లాగారా, ఆకు అక్కడే చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి ఇదే కారణమని అంటారు. 'ల', 'ఠ', 'ఒ' హాయిగా వచ్చేస్తాయి. అదే ఆకు మీద మా అమ్మాయి ఇంగ్లీషులో హెచ్ అని రాయబోతే నడుమ గీత దగ్గర టప్పున పగిలింది.

గీసిన అక్షరం వెంటనే కనిపించదు, ఆకు రంగులోనే దాక్కుంటుంది. దాన్ని పైకి తేవడానికి మసి కావాలి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లిస్తే కాటుక పట్టినట్టే మసి పడుతుంది. దాన్ని రెండు చుక్కల నూనెతో రంగరించి ఆకంతా పూసి, గుడ్డతో తుడిచేస్తే పైమసి పోయి గీతలో ఉన్నది ఉంటుంది. ఆ క్షణం కోసమైనా ఈ పని చెయ్యొచ్చు. నల్లటి మరకలోంచి 'మందారం' అని పేరు లేచి వస్తుంటే, పక్కన నిలబడి చూస్తున్న పిల్లలు ఫోను కింద పెట్టారు.

మసి ఎందుకు వెలిసిపోదంటే అది ఉత్త బొగ్గు. మార్కరు సిరాలో ఉండే రంగు ఎండకు విరిగిపోతుంది. కార్బన్‌ను ఎండ ఏమీ చెయ్యలేదు. పెన్సిల్లో ఉండే గ్రాఫైటూ కార్బనే. కాబట్టి ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లు మార్కరు పక్కన పెట్టి మామూలు పెన్సిలుతో గట్టిగా ఒత్తి రాసినా చాలు, దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. రూపాయి ఖర్చు లేని ఈ సంగతి నాకు నాలుగు చేమంతులు పోయాక తెలిసింది.

అయితే తాటాకుకు నీళ్లంటే గిట్టదు. తాళపత్ర గ్రంథాల చివర్న రాతగాళ్లు పెట్టే విన్నపం ఒకటుంది: నూనె నుంచి, నీటి నుంచి, వదులుగా కట్టిన కట్టు నుంచి, మూర్ఖుడి చేతి నుంచి ఈ పుస్తకాన్ని కాపాడండి అని. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తాళపత్రాలను ఎంత పదిలంగా చూసుకుంటారో తెలిసినవాడికి, రోజూ పొద్దున్నే పైపుతో తడిపే చోట తాటాకు గుచ్చడం చూస్తే నవ్వు రావాలి. ఆ నాలుగో ప్రమాదం నేనే కదా. మా మిద్దె మీద తాటాకు ఒక వానాకాలం గట్టెక్కింది, రెండోది ఎక్కలేదు. ఇప్పుడు వాటిని బాల్కనీలో నీడపట్టు మొక్కలకే వాడుతున్నాను. కుండీలో గుచ్చను, ఒక కొసన చిల్లు పెట్టి, దారం కట్టి కొమ్మకు వేలాడదీస్తాను.

వానకు తట్టుకునేది పలక. మార్కాపురం పలక పేరు చెబితే నా వయసువాళ్లకు ఇప్పటికీ చెక్క చట్రం, బలపం కీచుమన్న చప్పుడు గుర్తొస్తాయి. ఇప్పుడు దుకాణంలో పలక ఇమ్మంటే ప్లాస్టిక్ చట్రంలో రేకు ముక్క చేతిలో పెడతారు. రాతిపలక కావాలని నొక్కి అడగాలి. లేదంటే అటక మీద వెతకండి, పగిలిందైతే మరీ మంచిది. హాక్సా బ్లేడుతో నీళ్లు చల్లుకుంటూ నెమ్మదిగా కోస్తే నాలుగు అంగుళాల పట్టీలు వస్తాయి. రాయి పొరలు పొరలుగా ఉంటుంది, తొందరపడి విరిస్తే పెచ్చులూడుతుంది. అంచుల్ని తడి గరుకురాయి మీద రుద్ది, మేకుతో పేరు గీయడమే. బలపం రాత తుడిస్తే పోతుంది. మేకు గీత బూడిదరంగులో ఉండిపోతుంది. నీళ్లు పడగానే రాయి నల్లబడి అక్షరం మాయమవుతుంది, ఆరగానే మళ్లీ తేలుతుంది. పొద్దున నీళ్లు పోసి, కాఫీ తాగి వచ్చేసరికి మొక్కలు ఒక్కొక్కటే తమ పేర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది. నా ఓటు పలకకే.

రాగిరేకు సంగతి వేరు. అన్నమయ్య కీర్తనలు మనకు దక్కాయంటే తాళ్లపాకవారు వాటిని రేకుల మీద చెక్కించి తిరుమలలో సంకీర్తన భండారంలో దాచబట్టే. ఇంటి తోటకు రాగి కొనేంత స్తోమత నాకు లేదు, కూల్‌డ్రింక్ డబ్బా ఉంది. పైనా కిందా కోసేసి, నిలువునా చీల్చి చదును చేస్తే పల్చటి అల్యూమినియం రేకు. దాన్ని పాత వారపత్రిక మీద పరచి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అక్షరం లోతుగా దిగుతుంది. అంచు కత్తిలా ఉంటుంది, వేలు తెగుతుంది. అందుకని చుట్టూ కొంచెం మడవాలి. ఇదేదో నా తెలివి అనుకున్నాను. తీరా చూస్తే పాత తామ్రశాసనాల్లో కూడా రేకు అంచును కాస్త పైకి లేపేవారు, ఒకదాన్నొకటి రాసుకుని అక్షరం అరిగిపోకుండా. తూర్పు చాళుక్యులైతే రేకుల్ని కడియానికి గుచ్చి దానికి వరాహముద్ర వేశారు. నేను తీగ చుట్టి గోంగూర కాడకు తగిలించాను. రాజముద్ర లేని లోటు గోంగూర పట్టించుకోలేదు.

పుస్తకం ఆకారంలో చెక్కముక్కలు చేసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు తెచ్చి, ఒక పక్క గుండ్రంగా అరగదీసి అట్టలా రంగు వేస్తే పిల్లలకు బాగా నచ్చుతాయి. ప్లైవుడ్ మాత్రం వద్దు, మొదటి వానకే ఉబ్బి అటుకులవుతుంది. ఇంకో చిక్కు మన లిపిది: పైన గుడులూ సుడులూ, కింద వత్తులూ. 'ఆముక్తమాల్యద' అన్న మాటకు ఇంగ్లీషు పేరుకన్నా ఎత్తు ఎక్కువ కావాలి. సన్నటి చెక్క మీద వత్తు ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు బాపు గీసిన పాత అట్టల్ని ముందేసుకుంటే దారి దొరుకుతుంది. ఆయన వత్తును అక్షరం కిందే వేలాడదీయకుండా పక్కకు వాలనిస్తాడు.

ఇక అసలు సరదా, ఏ మొక్కకు ఏ పుస్తకమన్నది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ పేరు మీద 1916లో అంకితం చేసిన తోట ఉంది. ఆయన రచనల్లో వచ్చే మొక్కలు పెంచి, ఆ వాక్యాలున్న ఫలకాలు పెట్టారు. అది భక్తి. మన మిద్దె మీద కొంచెం వెటకారం కూడా చెల్లుతుంది.

తులసికి ఆముక్తమాల్యద తప్ప ఇంకోటి కుదరదు. గోదాదేవి విష్ణుచిత్తుడికి దొరికిందే తులసివనంలో. మొల్ల అన్నదే మల్లెజాతి పూవు పేరు, కాబట్టి ఆ కుండీకి మొల్ల రామాయణం. అర్ధరాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాలిపోయే బ్రహ్మకమలానికి తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' పెట్టాను. కణుపు కణుపుకీ ఆగి అల్లుకునే కాశీరత్నం తీగకు కాశీమజిలీ కథలు. అల్లం, పసుపు, చేమదుంపలున్న తొట్టికి 'ఏడు తరాలు': అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మూల పుస్తకం పేరు తెలిసినవాళ్లు ఆ తొట్టి దగ్గర ఆగి నవ్వుతారు, తెలియనివాళ్లు అడుగుతారు. ఎరువు డ్రమ్ముకు వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి'. ఒక కుండీలోంచి పాకి నాలుగు కుండీలు ఆక్రమించిన పుదీనాకు కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. మన ఎండకు ముఖం మాడ్చుకుని, కుదురుకోలేక అవస్థ పడే బ్రోకలీకి బారిష్టర్ పార్వతీశం. ఆయన సీమకు పోయి పడ్డ పాట్లు అది ఇక్కడికొచ్చి పడుతోంది.

పారిజాతం దగ్గర కాస్త గొడవైంది. కుండీ పిట్టగోడ పక్కన ఉంది, కొమ్మలు అవతలికి వాలాయి, తెల్లారేసరికి పూలన్నీ పక్కింటి అంకుల్ కారు మీద. చెట్టు సత్యభామ పెరట్లో, పూలు రుక్మిణి ముంగిట్లో అన్న పాత కథే. పెద్ద పలక ముక్క మీద 'పారిజాతాపహరణం' అని గీసి, కింద నంది తిమ్మన పేరు వేసి, అంకుల్ వైపుకు కనిపించేలా పెట్టాను. మర్నాడు పొద్దున ఆయన పళ్లెం నిండా పూలు తెచ్చి మా ఆవిడ చేతికిచ్చారు. "దొంగతనం నేను చెయ్యలేదమ్మా, మీ చెట్టే నా కారును ఆక్రమించింది" అన్నారు. ఆయన చిన్నప్పుడు ఆ కావ్యంలోని పద్యాలు బళ్లో అప్పగించారట. పన్నెండేళ్లుగా గోడకు అటూ ఇటూ ఉంటున్నాం, ఆ మాట అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఒక్క నియమం మాత్రం చేమంతుల దెబ్బకు నేర్చుకున్నాను. మొక్క పేరు పైన, పెద్దగా. పుస్తకం పేరు కింద, చిన్నగా. వెనకవైపు నాటిన తేదీ. 'అమృతం కురిసిన రాత్రి' అని మాత్రమే రాసి ఉంటే నీళ్లు పోసే ఆమెకు ఏం అర్థమవుతుంది, అందులో బ్రహ్మకమలం ఆకును ఎండుమట్ట అనుకుంటే ఆమె తప్పేముంది? ఇప్పుడామె పైవరస చదివి నీళ్లు పోస్తుంది, కిందివరస మీద వ్యాఖ్యానం చేస్తుంది. పుదీనా దగ్గర మాత్రం "గిది మంచిగ రాసిన్రు సార్" అంది.

గీతకు ఒక ఇబ్బంది ఉంది, చెరపలేం. మూడేళ్లుగా జానెడు ఎత్తు దాటని కరివేపాకుకు విసిగిపోయి గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' అని లోతుగా గీసి పెట్టాను. పుల్లమజ్జిగ పనిచేసిందో, కుండీ మార్చడమే కలిసొచ్చిందో, ఈ శ్రావణంలో అది ఒక్కసారిగా చిగుళ్లు తొడిగి నా నడుం దాకా వచ్చింది. పోపులోకి రోజూ రెండు రెబ్బలు ఇస్తోంది. దాని ముందు ఆ పలక చూస్తే నాకే సిగ్గుగా ఉంది. రాయిని అరగదీయడానికి మనసొప్పక వెనక్కి తిప్పాను. అటువైపు నాటిన తేదీ ఉంది. ప్రస్తుతానికి అదే దాని పేరు.